గడ్డ ఉందని చెప్పిన ఆడమనిషికి తోడు వెళ్ళడం ఎలా

"సీజన్ అయిపోయాక చూపించుకుంటాలే అమ్మాయ్." సంక్రాంతికి మా పిన్ని అన్న మాట ఇది. ఆవిడ గుంటూరు మిర్చి యార్డు పక్క కొట్లలో కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకి సరుకు పోటెత్తుతుంది, ఆ రోజుల్లో ఒక్క పూట కూలి వదులుకోవాలన్నా ప్రాణం ఒప్పదు. ఎడమ రొమ్ములో శనగ గింజంత గడ్డ. నొప్పి లేదు. యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చాక, మే నెలలో చూపించుకునేసరికి నిమ్మకాయంత అయింది.

అప్పుడైనా దారిన పడిందా అంటే, లేదు. దగ్గర్లోని ఒక చిన్న నర్సింగ్ హోములో "కొవ్వు గడ్డ" అని మత్తు సూది వేసి కోసి తీసేశారు. తీసిన ముక్కని పరీక్షకి పంపలేదు. మూడు నెలలకి కుట్ల పక్కనే ఇంకోటి లేచింది. నేను ఆవిడ వెంట ఆసుపత్రికి వెళ్ళడం మొదలుపెట్టింది అక్కడి నుంచి. ఆరేళ్ళయింది, పిన్ని బాగుంది. ఆ తర్వాత మా వీధిలో, చుట్టాల్లో ఇంకొందరి వెంట వెళ్ళాను. వాళ్ళతో తిరిగి నేర్చుకున్నది మీకు రాస్తున్నాను. మీరు డాక్టరు కానక్కర్లేదు. పక్కింటి మనిషైనా, కోడలైనా, డ్వాక్రా గ్రూపులో లెక్కలు రాసే అమ్మాయైనా ఈ పని చేయగలదు.

2022లో మన దేశంలో దాదాపు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని, దాదాపు 98,000 మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. జబ్బు తేలాక అయిదేళ్ళు బతికేవాళ్ళు అమెరికాలో 100కి 90 మంది దాకా ఉంటే, మన దగ్గర 66 మంది. మందుల్లో తేడా కొంతే. ఆలస్యంగా వెళ్ళడం, మధ్యలో మానేయడం అసలు తేడా. అమెరికాలో కూడా పేదలుండే హార్లెం పేటలో ఇదే గతి ఉండేది. అక్కడి ఆసుపత్రిలో హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ 1990లో ఒక పద్ధతి పెట్టాడు. గడ్డ ఉన్న ప్రతి మనిషికీ ఒక తోడు. పరీక్షకి తీసుకెళ్ళడం, కాగితాలు చూడటం, తర్వాతి తారీఖు గుర్తుచేయడం ఆ తోడు మనిషి పని. ఉచిత పరీక్షలూ, ఈ తోడూ కలిసి అక్కడ అయిదేళ్ళు బతికేవాళ్ళ శాతాన్ని 39 నుంచి 70కి తెచ్చాయి.

ముందు, ఆమె మీతో చెప్పినప్పుడు

చాలామంది సూటిగా చెప్పరు. "ఇక్కడేదో గట్టిగా తగులుతోందమ్మా" అని పైట మీద చెయ్యి వేసి ఊరుకుంటారు. ఆ క్షణంలో "ఏం కాదులే" అనకండి. ఆ మాట ఆమెకి కావలసిన సాకు అవుతుంది. "అమ్మో" అని కూడా అనొద్దు. "ఎప్పటి నుంచి పిన్నీ? రా, లోపలికెళ్ళి మాట్లాడుకుందాం" అంటే చాలు.

చాలా గడ్డలు క్యాన్సర్ కావు. ముందు ఆ మాట చెప్పండి, అది నిజం. కానీ ఏది అవునో ఏది కాదో చేత్తో తడిమి మనం తేల్చలేం. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం రంగు నీరు కారడం, మొన మీద మానని పుండు, చంకలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఈ వారంలోనే చూపించాలి. పాలిచ్చే తల్లి అయితే "పాలగడ్డ" అని కాపడం పెట్టి నెలలు గడిపేస్తారు. రెండు వారాల్లో తగ్గని పాలగడ్డని డాక్టరు చూడాల్సిందే. "నాకింకా నలభయ్యేగా" అనే మాట కూడా వింటారు. పడమటి దేశాలతో చూస్తే మన ఆడవాళ్ళకి ఈ జబ్బు సుమారు పదేళ్ళు ముందే వస్తోంది.

ఆ రోజే గోడ మీది క్యాలెండర్ తీసి, ఆ తారీఖు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రొమ్ము క్యాన్సర్ విషయంలో దేశాలకి మూడు లెక్కలు పెట్టింది. కనీసం 60 శాతం మందిలో జబ్బు మొదటి రెండు దశల్లోనే దొరకాలి. ఆసుపత్రి గడప తొక్కిన 60 రోజుల్లోపు అవునో కాదో తేలాలి. మొదలుపెట్టిన వాళ్ళలో కనీసం 80 శాతం మంది వైద్యం పూర్తి చేయాలి. మీ ఒక్క ఇంటికి ఆ రెండో లెక్క పట్టుకుంటే చాలు. ఆసుపత్రికి వెళ్ళాక గడువు గుర్తుండదు కాబట్టి, మీకు చెప్పిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టండి. సున్నా చుట్టిన తారీఖు నుంచి అరవయ్యో రోజు దగ్గర ఇంకో సున్నా. మా పిన్ని ఇంట్లో ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి, వర్జ్యం, దుర్ముహూర్తం పక్కన నా పెన్ను గీతలు. మంచి రోజు చూసుకుని వెళ్దామంటే వెళ్ళండి, కానీ ఆ మంచి రోజు ఈ వారంలోదే అయ్యుండాలి.

ఇంట్లో మగవాళ్ళతో మాట్లాడటం

పేద ఇంట్లో ఆడమనిషి జబ్బు ఆఖరి వరుసలో ఉంటుంది. ఆమె కూడా తనని తాను అక్కడే కూర్చోబెట్టుకుంటుంది. పిల్లల ఫీజులు, ఎరువుల బాకీ, ఆ తర్వాత తను. అందుకని భర్తతోనో పెద్ద కొడుకుతోనో మీరే మాట్లాడాలి. నిష్ఠూరాలు వద్దు. "బాబాయ్, ఇప్పుడు చూపిస్తే ఆపరేషనూ కొన్ని కీమోలూ. ఆరు నెలలు ఆగితే ఖర్చు ఎక్కువ, మనిషి దక్కుతుందో లేదో చెప్పలేం" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మా బాబాయి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు, మర్నాడు పొద్దున్నే ఆధార్ కార్డులు జిరాక్స్ తీయించుకొచ్చాడు.

ఇంకో భయం ఉంటుంది, పైకి చెప్పరు. "బయటికి పొక్కితే పిల్లకి సంబంధాలు రావు." దీనికి జవాబు దగ్గర పెట్టుకోండి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. అది అంటుకునే జబ్బు కాదు, ఆమె కంచం, మంచం వేరు చేయక్కర్లేదు.

మొదటి గడప

ఊళ్ళో అయితే విలేజ్ హెల్త్ క్లినిక్, పట్నంలో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రం. ముప్ఫై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు పరీక్ష చేయడం జాతీయ కార్యక్రమంలో ఉన్నదే. ఆశా కార్యకర్తని, ఏఎన్ఎంని అడగండి. నర్సు చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది అని తీసిపారేయొద్దు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు మురికివాడల్లో 1998 నుంచి లక్షన్నర మందికి పైగా ఆడవాళ్ళతో ఇదే పరీక్షించారు. శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు, మమోగ్రాం (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) లేదు. 2021లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు తొందరగా, చిన్న గడ్డగా ఉన్నప్పుడే దొరికింది. 50 దాటిన వాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి.

గడ్డ చేతికి తగులుతోందని ముందే తెలిస్తే మాత్రం సర్వే వాళ్ళ కోసం, క్యాంపు కోసం ఎదురుచూడొద్దు. తిన్నగా పెద్దాసుపత్రికి. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో కంపెనీ సాయంతో కట్టిన క్యాన్సర్ సెంటర్ ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. బెజవాడలో, గుంటూరులో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చూసే ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. ఏ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో 104కి ఫోన్ చేస్తే చెబుతారు.

పొద్దున ఓపీకి పెందలాడే వెళ్ళాలి. ఆమెని ముందు హుక్కుల జాకెట్, నూలు చీరతో రమ్మనండి. మమోగ్రాం తీసే రోజు చంకల్లో పౌడరు గానీ సెంటు గానీ వద్దు, అది ఫిల్ములో మచ్చలా కనపడి తికమక పెడుతుంది. మగ డాక్టరు చూస్తాడని భయపడుతుంటే కౌంటర్లోనే అడగండి, "లేడీ డాక్టర్ గారున్నారాండీ?" లేకపోతే నర్సు పక్కన నిలబడాలి, మీరూ తెర లోపలే ఉంటామని చెప్పండి. ఒక ముస్లిం ఆవిడ వెంట వెళ్ళినప్పుడు నాకు తెలిసొచ్చింది, ఉర్దూలో రెండు మాటలు చెప్పగలిగే మనిషి ఉంటే ఆమె మూడు రెట్లు ఎక్కువ చెబుతుంది. గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉందన్న ప్రశ్నకి ఆవిడ నాతో "రెండు నెలలు" అంది, తన చెల్లెలితో ఉర్దూలో "ఏడాది" అంది.

కత్తి కన్నా ముందు సూది

ఈ ఒక్క మెట్టు దగ్గర మీరు గట్టిగా నిలబడాలి. మిగతావన్నీ డాక్టర్లు చూసుకుంటారు, ఇక్కడ మాత్రం తోడు వెళ్ళిన మనిషి నోరు విప్పాలి.

వరస ఇది. డాక్టరు చేత్తో చూస్తారు. తర్వాత మమోగ్రాం, వయసు తక్కువైతే అల్ట్రాసౌండ్. తర్వాత కోర్ బయాప్సీ, అంటే కొంచెం లావు సూదితో గడ్డలోంచి సన్న ముక్కలు తీయడం. ఇది కాకుండా ఎవరైనా "చిన్న గడ్డే, కోసి తీసేద్దాం" అంటే ఇలా అడగండి: "డాక్టర్ గారూ, ముందు సూదితో బయాప్సీ చేయించండి. అది తేలాక ఆపరేషన్ సంగతి చూద్దామండీ." ఒకవేళ అప్పటికే తీసేసి ఉంటే, ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబ్‌కి పంపారా అని అడగండి. మా పిన్ని విషయంలో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేకపోయారు. కోత పడ్డ తర్వాత గడ్డ అంచులు ఎక్కడున్నాయో తెలియక రెండోసారి ఆపరేషన్ ఇంకా పెద్దదయింది.

"సూది గుచ్చితే పాకుతుంది" అని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. సూది వల్ల పాకదు. బయాప్సీ లేకుండా గడిచే నెలల్లో పాకుతుంది. ఆ మాట అనేవాళ్ళతో కొట్లాట పెట్టుకోకుండా, బయాప్సీ అయి బాగున్న మనిషిని ఒకరిని ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. నేను పిన్నినే తీసుకెళ్తాను.

క్యాన్సర్ అని తేలితే ఆ ముక్క మీదే ఇంకో పరీక్ష అవుతుంది, ఐహెచ్‌సీ అంటారు. అందులో మూడు పేర్లుంటాయి: ఈఆర్, పీఆర్, హర్2. మొదటి రెండిట్లో ఏది పాజిటివ్ అయినా వైద్యమయ్యాక రోజుకో మాత్ర ఏళ్ళ తరబడి పని చేస్తుంది. హర్2 పాజిటివ్ అయితే దానికి ప్రత్యేకమైన ఇంజెక్షన్ ఉంది. మూడూ నెగిటివ్ అయితే కీమో మీద ఎక్కువ ఆధారపడతారు. మన ఆడవాళ్ళలో ఈ మూడూ నెగిటివ్ రకం పడమటి దేశాల కన్నా ఎక్కువ. ఈ పరీక్ష లేకుండా వైద్యం మొదలుపెడదామంటే ఎందుకని అడగండి. ల్యాబ్ నుంచి రిపోర్టుతో పాటు పారాఫిన్ బ్లాకులు (ఆ ముక్కని మైనంలో దాచిన దిమ్మలు), స్లైడులు కూడా అడిగి తీసుకోండి. ఆసుపత్రి మారితే మొదట అడిగేవి అవే, అవి లేకపోతే మళ్ళీ సూది.

కాగితాలు

ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి. మందుల షాపు క్యారీకవర్లో మడిచిన రిపోర్టులు తడిసి, చిరిగి, ఒక పేజీ పోయి, పరీక్ష మళ్ళీ చేయించాల్సి రావడం చూశాను. తారీఖుల వారీగా పెట్టండి, ప్రతిదీ ఫోనులో ఫోటో తీసి ఉంచండి.

ఎన్టీఆర్ వైద్య సేవ అని ఇప్పటి పేరు, జనం నోట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. 2007లో మొదలైన పథకం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందులో ఉన్నాయి. ఆసుపత్రిలో మిత్ర డెస్క్ ఉంటుంది, ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు అక్కడ ఇస్తే అప్రూవల్‌కి పంపుతారు. అప్రూవల్ వచ్చాకే మొదలవుతుంది కాబట్టి ఆ డెస్క్ దగ్గర పేరు, తారీఖు రాసుకుని, రెండు రోజులకోసారి అడగండి. కసురుకున్నా అడగండి. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, ఒకచోట ఇంటిపేరు ఉంటుంది ఒకచోట ఉండదు, దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లోనే గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్ళి సరిచేయించండి. కాలవ గట్ల మీద ఉండే యానాది కుటుంబాల్లో అసలు కార్డులే లేని వాళ్ళుంటారు. వాళ్ళ వెంట వెళ్ళేవాళ్ళు ఆసుపత్రితో పాటే సచివాలయం పని కూడా అదే రోజు మొదలుపెట్టాలి. పథకంలో రాని ఖర్చుకి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకోవచ్చు. డబ్బు కట్టేసి బిల్లులు పట్టుకెళ్ళడం కన్నా ముందే ఎల్ఓసీ, అంటే ఖర్చుకి ప్రభుత్వం ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం, అడగడం మంచిది.

రానుపోను ఖర్చు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఒరిజినల్ గుర్తింపు కార్డు పర్సులో ఉండాలి. తోడు వెళ్ళే మీరూ ఆడవాళ్ళయితే ఇద్దరికీ కలిసొస్తుంది.

డాక్టర్ని అడగాల్సినవి

ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, లోపలికెళ్ళాక గుర్తుండవు. రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందా? సరిపోయే వాళ్ళలో రెండు పద్ధతుల్లోనూ ప్రాణానికి తేడా లేదని ఎన్నో ఏళ్ళ క్రితమే తేలింది. అయినా రేడియేషన్‌కి రోజూ రాలేరులే అని పేద ఆడవాళ్ళకి మొత్తం తీసేయడమే ముందు చెబుతారు. ఆపరేషన్ కన్నా ముందు కీమో ఇచ్చి గడ్డని చిన్నది చేసే వీలుందా? రేడియేషన్ 25 సిట్టింగులా, 15 సరిపోతాయా? చాలామందికి 15 సరిపోతాయి. కూలికి పోయే మనిషికి ఆ పది రోజులు చిన్న సంగతి కాదు.

మానేసే రోజు

నేను చూసినంతలో వైద్యం మానేసేది ఎక్కువగా మూడో కీమో దగ్గర. జుట్టు ఊడిపోయి ఉంటుంది, నోట్లో పుండ్లు, చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది, మీకూ విసుగొచ్చి ఉంటుంది. ఆపరేషన్ కన్నా ముందే కీమో ఇస్తుంటే, అదే సమయానికి చాలామందిలో గడ్డ కరిగి కనపడుతుంది. "కరిగిపోయిందిగా, ఇంకెందుకు?" ఈ మాట నేను ముగ్గురి నోట విన్నాను. ఆ ముగ్గురిలో ఒకావిడ పసరు మందుకి వెళ్ళి తొమ్మిది నెలలకి తిరిగొచ్చింది, అప్పటికి ఎముకల్లోకి దిగింది. అందుకని రెండో కీమో రోజునే చెప్పి ఉంచండి: గడ్డ కరిగితే మందు పని చేస్తోందని అర్థం, పని అయిపోయిందని కాదు. మూడో కీమో తారీఖుకి వారం ముందు ఒక పూట వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి. వీలైతే ఇద్దరు ముగ్గురు వంతులేసుకోండి, ఒక్క మనిషే అన్నిటికీ వెళ్ళలేదు.

కీమోల మధ్య జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రైనా ఆసుపత్రే. పారాసెటమాల్ వేసి తెల్లారే దాకా చూడొద్దు, తెల్లకణాలు పడిపోయిన మనిషికి ఆ రాత్రే ప్రమాదం. 108కి ఫోన్ చేసి కీమో నడుస్తోందని మొదటి మాటగా చెప్పండి. ఇంట్లో ఒక థర్మామీటరు ఉండాలి, చెయ్యి పెట్టి చూడటం కాదు. ఒక కీమో మందు ఎర్రగా ఉంటుంది, అది ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దు.

పత్యం పేరుతో గుడ్డు, పాలు, పప్పు మాన్పించే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళ ప్రేమని తప్పుపట్టకుండా డాక్టరు చేతే చెప్పించండి. ఉడికించిన గుడ్డు, రాగి జావ, మెత్తటి పప్పన్నం, కాచి చల్లార్చిన నీళ్ళు. పచ్చివి, బండి మీదవి వద్దు.

ఆపరేషన్ అయ్యాక చెయ్యి కదపకుండా ముడుచుకుని కూర్చుంటారు, కుట్లు ఊడతాయని భయం. ఫిజియోథెరపీ చెప్పినప్పటి నుంచి గోడకి వేళ్ళతో పైపైకి పాకించాలి. పిన్ని వంటగది గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను, ఏ రోజు ఎంత ఎత్తు అందిందో. పదహారో గీతకి అటక మీది డబ్బా అందుకుంది.

ఈఆర్ పాజిటివ్ వాళ్ళకి టామోక్సిఫెన్ లాంటి మాత్ర కనీసం అయిదేళ్ళు. కొందరికి పదేళ్ళు. ఖరీదైన మందు కాదు, అయినా ఒంట్లో బాగుందని ఆపేస్తారు. షీటు అయిపోవడానికి పది రోజుల ముందే తెచ్చిపెట్టేలా ఇంట్లో ఎవరో ఒకరికి అప్పజెప్పండి, పిల్లలైతే మర్చిపోరు. మధ్యలో గర్భసంచి నుంచి రక్తం కనపడితే డాక్టరుకి చెప్పాలి.

ఇక చివరికి, ఆమె అక్కచెల్లెళ్ళూ కూతుళ్ళూ. వాళ్ళకి ఎప్పటి నుంచి, ఏ పరీక్ష అవసరమో ఆ డాక్టర్నే అడిగి ఫైలు అట్ట లోపల రాయించుకోండి. మా పిన్ని చెల్లెలు తాడికొండలో ఉంటుంది, పత్తి తీతలు అయ్యాక వస్తానంది. వచ్చే సోమవారం పొద్దున మొదటి బస్సుకి నేనే వెళ్ళి తీసుకొస్తున్నాను.